చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది? బాత్రూమ్ పగలగొట్టే ముందు చూడాల్సినవి

కింది పోర్షన్ సీలింగ్‌కి చెమ్మ ఎక్కిందంటే పైన బాత్రూమ్ టైల్స్ మీద సుత్తి పడాల్సిందే అన్నట్టుంటుంది మన వ్యవహారం. తీరా పగలగొట్టాక లీకు ఇంకెక్కడో ఉంటుంది. సుత్తి తర్వాత, ముందు పెన్సిల్ తీయండి. మరక అంచు చుట్టూ గీత గీసి పక్కన తేదీ వేయండి. నాలుగైదు రోజులు పొద్దునా సాయంత్రం చూడండి.

ఎవరూ నీళ్లు వాడకపోయినా మరక పెరుగుతూనే ఉంటే ట్యాంకు నుంచి ట్యాపులకు వచ్చే లైను మీద అనుమానం. స్నానాలయ్యాక తడిసి, సాయంత్రానికి కాస్త ఆరుతుంటే లోపం నీళ్లు బయటికి పోయే దారిలో ఉంది. వానలకే వస్తే బాత్రూమ్ జోలికి పోకుండా మేడెక్కండి. ఒక తిరకాసుంది. చాలా ఇళ్లలో బాత్రూమ్ శ్లాబు అడుగు లోతుకు దించి, ఇటుక ముక్కలతో నింపి ఉంటుంది. ఆ నింపుడులో నీళ్లు చేరితే వాడకం ఆపినా రోజుల తరబడి కారుతూనే ఉంటాయి. అందుకే గీత ఒక్కటే చాలదు, ట్యాంకు పరీక్ష కూడా కావాలి.

దానికంటే ముందు ఫ్లష్ ట్యాంకు సంగతి తేల్చండి. మూత తీసి నాలుగు చుక్కలు ఫుడ్ కలర్ వేసి, ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా వదలండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాషరు పోయినట్టు, అది మార్చండి. ఇక రాత్రి మోటారు ఆపి, ట్యాపులన్నీ కట్టేసి, మేడ మీది ట్యాంకులో కర్ర ముంచి మట్టం గుర్తు పెట్టుకోండి. పొద్దున్నే మళ్లీ ముంచండి. సుమారు 1.1 మీటర్ల వెడల్పున్న 1000 లీటర్ల ట్యాంకులో ఒక్క సెంటీమీటరు తగ్గినా 9 లీటర్ల పైమాటే. తగ్గిందనుకుంటే మరుసటి రాత్రి నుంచి రోజుకో లైను వాల్వు కట్టి చూడండి. ఏది కట్టినప్పుడు మట్టం నిలబడితే ఆ లైనే దొంగ.

మట్టం తగ్గలేదూ, చెమ్మ మాత్రం ఉందీ అంటే బాత్రూమ్ నేలను పరీక్షించాలి. నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ జాలీ తీసి, పాలిథిన్ కవర్లో గుడ్డలు కుక్కి గట్టిగా బిరడా వేయండి. గడప దాటకుండా రెండు సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు నింపి 24 గంటలు వదలండి. కింద చెమ్మ పెరిగితే టైల్స్ సందులో, గోడా నేలా కలిసే మూలో తప్పు. పెరగకపోతే బిరడా తీసి నీళ్లన్నీ ఒక్కసారి వదిలేయండి, ఇంకో పది బకెట్లు పోయండి. అప్పుడు తడిస్తే తప్పు ట్రాప్‌ది, లేదా దాని తర్వాతి పైపు జాయింటుది. నేల పగలగొట్టక తప్పనిది ఈ రెండో కేసులోనే, అదీ ట్రాప్ చుట్టూ మాత్రమే.

టైల్స్ సందులు పాడవడానికి పెద్ద కారణం మనం వారం వారం పోసే బాత్రూమ్ యాసిడ్. బోరు నీళ్ల ఉప్పు మరకను కరిగించేది ఏదో, సందుల్లోని సిమెంటునూ కరిగించేది అదే. ట్రాప్ ఫ్రేము చుట్టూ గోరుతో గీకి చూడండి, తడి ఇసుకలా రాలితే ఆ సిమెంటు పాడైపోయినట్టే. పాత హ్యాక్సా బ్లేడుతో సందులను రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకి, రెండు రోజులు ఎండనిచ్చి, ఎపాక్సీ గ్రౌట్ (సందులు పూడ్చే రెసిన్ ముద్ద) నింపండి. వైట్ సిమెంట్ మళ్లీ పూస్తే వచ్చే యాసిడ్‌కి మళ్లీ పోతుంది. ఎపాక్సీ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెమే కలపండి. టైల్ మీద అంటింది వెంటనే తడి స్పాంజితో తుడవండి, ఎండితే ఊడదు. ఇకపై ఉప్పు మరకలకు వెనిగర్ కూడా వద్దు, అదీ యాసిడే. డిటర్జెంటూ బ్రష్షూ వాడండి, మరక పడకుండా రోజూ నేల తుడిచేస్తే ఇంకా మేలు.

ఇల్లు చెరువయ్యే ప్రమాదం మాత్రం కమోడ్ పక్కనుండే స్ప్రే గన్, అదే హెల్త్ ఫాసెట్‌తోనే ఎక్కువ. గన్ వదిలేశాక కూడా దానికి నీళ్లిచ్చే గోడ మీది చిన్న వాల్వు, యాంగిల్ కాక్, తెరిచి ఉంటే ప్రెజరంతా ఆ సన్నటి గొట్టం మీదే నిలుస్తుంది. ప్రెజర్ పంపున్న ఇళ్లలో అది ఏ అర్ధరాత్రో ఊడిపోతుంది. వాడగానే యాంగిల్ కాక్ కట్టేయడం ఇంట్లో అందరికీ నేర్పండి. వాష్ బేసిన్, గీజర్ కనెక్షన్ పైపుల నట్ల దగ్గర తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టిందేమో చూసి, కడితే కొత్తవి వేయండి. వాటిలో నీటిని ఆపేది లోపలి రబ్బరు వాషరే, మరలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు కాదు. చేత్తో బిగించి, స్పానర్‌తో పావు తిప్పు తిప్పితే సరిపోతుంది. ఇంకా బిగిస్తే వాషరు నలిగి కారుతుంది. టేపు కావాల్సింది ట్యాపు మరలకు: మర కొన మీ వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే పది పన్నెండు చుట్లు. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది. లోహపు ట్యాపు ఎక్కించే చోట ఇత్తడి మర ఉన్న సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) ఫిట్టింగే వేయించండి, ప్లాస్టిక్ మర పగులుతుంది.

గీజర్ వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడటం రోగం కాదు. వేడికి వ్యాకోచించిన నీళ్లు అలా బయటపడుతున్నాయంతే. దానికి బిరడా వేస్తే ట్యాంకు పగిలే ప్రమాదం. సన్నటి గొట్టం తగిలించి ట్రాప్‌లోకి వదలండి.

మేడ మీద గేట్ వాల్వులు ఉప్పు పట్టి బిగుసుకుంటాయి, అవసరమైన రోజే తిరగవు. రెండు నెలలకోసారి పూర్తిగా కట్టి, తెరిచి, చివర్లో అర తిప్పు వెనక్కి తిప్పండి. బిగుసుకున్నదాన్ని పైపు రెంచితో విరగదీసే బదులు బాల్ వాల్వు పెట్టించండి. ఏ వాల్వు ఏ బాత్రూమ్‌దో పెయింటుతో రాయండి. ఓవర్‌ఫ్లో గొట్టం నింపే పైపు కంటే ఒక సైజు పెద్దది ఉండాలి, దాని కొస మీ కంటపడే చోట దిగాలి. మృగశిర కార్తెకు ముందే వాన నీటి గొట్టాల మూతుల్లో ఆకులు తీసేయండి. పైపు పక్కన గోడలో రావి మొలక కనిపిస్తే పైపైన తుంచితే మళ్లీ వస్తుంది, వేరుతో పెరికి ఆ పగులును సిమెంటుతో పూడ్చాలి.

వంటింటి సింకుకి పెద్ద వైద్యం అక్కర్లేదు. గంజి, మరిగిన నూనె, టీ పొడి అందులో పోయకపోతే చాలు. కింద బకెట్ పెట్టి, సింకు అడుగున సీసాలా వేలాడే బాటిల్ ట్రాప్‌ను చేత్తో విప్పి నెలకోసారి కడగండి.

పండక్కి ఊరెళ్తుంటే మేడ మీది వాల్వులన్నీ కట్టి, మోటారు స్విచ్ ఆపండి. బాత్రూమ్ ట్రాపుల్లో ఒక్కో మగ్గు నీళ్లు పోసి, పైన చెంచాడు వంటనూనె వేయండి. తిరిగొచ్చేదాకా ఆ నీరు ఆవిరవదు, కంపూ బొద్దింకలూ పైకి రావు.