ఐజీఏ నెఫ్రోపతీ: మందులు వాడే తీరు, తప్పులు జరిగే చోటు

ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలోని వడపోత జల్లెడల్లో పేరుకుని, నొప్పి తెలియకుండానే ఏళ్ల తరబడి వాటిని దెబ్బతీస్తుంది. అందుకే ‘నాకేం బాగానే ఉంది’ అన్నది ఇక్కడ లెక్కకు రాదు. మూత్రంలో రోజుకు ఎంత ప్రోటీన్ పోతోందో చూడాలి. అది 0.5 గ్రాముల లోపు, వీలైతే 0.3 లోపుకు రావాలి.

24 గంటల మూత్రం పట్టడంలోనే చాలామంది పొరబడతారు. ఉదయం 6 గంటలకు పోసింది పారబోయండి. ఆ తర్వాత మర్నాడు 6 గంటలకు పోసేదాకా, దాంతో సహా, అంతా డబ్బాలోకే. మధ్యలో బజారుకెళ్లి ఒక్కసారి బయట పోసినా ప్రోటీన్ తక్కువ చూపిస్తుంది, పెంచాల్సిన మందు పెంచకుండా ఉండిపోతుంది. తప్పితే ఇంకో రోజు మళ్లీ మొదలుపెట్టండి.

మొదటి మందు టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర. బీపీ మామూలుగా ఉన్నా ఇస్తారు, ఎందుకంటే అది జల్లెడ లోపలి ఒత్తిడిని తగ్గిస్తుంది. 40 మి.గ్రా.తో మొదలైతే, తట్టుకున్న కొద్దీ 80 దాకా పెంచుతారు. మొదలుపెట్టాక, పెంచిన ప్రతిసారీ 2 నుంచి 4 వారాల్లో రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం చూపించాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగి నిలబడితే భయపడి మాత్ర మానకండి. గర్భం వచ్చే అవకాశం ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి, ఈ మందు బిడ్డకు హాని చేస్తుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే టీ చెంచాడు. సంగటిలో నంజుకునే ఊరగాయే సగం లాగేస్తుంది. ‘లో సోడియం’ ఉప్పు అసలు వద్దు. అందులో ఉండేది పొటాషియం, టెల్మిసార్టాన్‌తో కలిస్తే గుండెకు ప్రమాదం.

కిడ్నీని కాపాడే రెండో మాత్ర డాపాగ్లిఫ్లోజిన్, 10 మి.గ్రా. రోజుకొకటి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ రెండూ ఆపి వెంటనే డాక్టరును అడగాలి. ఏకాదశి ఉపవాసానికి, ఎండాకాలంలో అలిపిరి మెట్లెక్కడానికి ముందు కూడా అడగండి.

అప్పటికీ ప్రోటీన్ తగ్గకపోతే స్టెరాయిడ్. మిథైల్ ప్రెడ్నిసొలోన్ కిలోకు 0.4 మి.గ్రా. చొప్పున, 60 కిలోలుంటే 24, ఎంత బరువున్నా 32 దాటకుండా. రెండు నెలలు అదే మోతాదు, తర్వాత నెలకు 4 మి.గ్రా. తగ్గిస్తూ మొత్తం 6 నుంచి 9 నెలలు. భారత్‌లోనూ జరిగిన ‘టెస్టింగ్’ (TESTING) అనే అధ్యయనంలో ముందు ఇంతకన్నా ఎక్కువ ఇచ్చారు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు రావడంతో మోతాదు తగ్గించి, తోడుగా ఇన్‌ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ చేర్చారు. టీబీ, హెపటైటిస్ బీ, షుగర్ పరీక్షలు లేకుండా మొదలుపెట్టనివ్వకండి. పొద్దున టిఫిన్ తర్వాతే వేసుకోండి. హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ అప్పటికి నిద్రపోయి ఉంటుంది.

ఇంకో రకం స్టెరాయిడ్, నేరుగా పేగులోనే పనిచేసే బుడెసోనైడ్. రోజుకు 16 మి.గ్రా., 9 నెలలు. ఖరీదు ఎక్కువ.

ఒళ్లునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఇస్తే తీసుకోకండి, పారాసెటమాల్ అడగండి. గొంతునొప్పితో పాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి నెఫ్రాలజీ (కిడ్నీ) విభాగానికో, మీరు చూపించుకునే చోటికో వెళ్లండి. బీపీ రాసుకున్న పుస్తకం, పాత రిపోర్టులు, వేసుకుంటున్న మాత్రల అట్టలు వెంట ఉండాలి.