రైలు లేటైతే గ్రాఫ్ ఎటు జరుగుతుంది?

ఖమ్మంలో మా ఇంటి ముందు గదిలో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. గ్రాఫ్‌లు మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, ఎక్స్ మైనస్ 2 అంటే ఎడమకు పోవాలి కదా, కుడికెందుకు పోతోంది?" "రివర్స్‌లో గుర్తుపెట్టుకో" అని దాటేయడం నాకు ఇష్టం ఉండదు. అలా బట్టీ పట్టింది పరీక్ష హాల్లో టెన్షన్‌కి తిరగబడుతుంది.

ఒక రైలు ఖమ్మంలో 6 గంటలకు బయలుదేరి 8కి కాజీపేట చేరాలనుకోండి. ఏ టైముకు ఎంత దూరం వెళ్లిందో చూపే గ్రాఫే మన ఎఫ్. ఇవాళ రైలు 2 గంటలు లేటు. 9 గంటలకు ఎక్కడుందో తెలియాలంటే పాత గ్రాఫ్‌లో 7 దగ్గర చూడాలి. 10కి ఎక్కడుందో తెలియాలంటే 8 దగ్గర. ప్రతిసారీ 2 తీసేసి చూస్తున్నాం కాబట్టి కొత్త ఫంక్షన్ ఎఫ్(ఎక్స్ − 2). గ్రాఫ్ మాత్రం మొత్తంగా 2 గంటలు కుడికి జరిగింది. మైనస్ అంటే లేటు, లేటు అంటే కుడి.

ఎఫ్(2ఎక్స్) కూడా అంతే. గంట వీడియో క్లాసును రెట్టింపు స్పీడ్‌లో పెడితే అరగంటలో అయిపోతుంది. గ్రాఫ్ అడ్డంగా సగానికి నొక్కుకుపోతుంది, ఎత్తు మారదు. ఇక బ్రాకెట్ బయట ఉన్న అంకెలతో పేచీ లేదు. 2ఎఫ్(ఎక్స్) + 3 అంటే ఎత్తులు రెట్టింపు చేసి, 3 పైకి జరపడమే.

అసలు చిక్కు బ్రాకెట్ లోపల నొక్కడం, జరపడం రెండూ కలిసినప్పుడు వస్తుంది. పోయినేడాది ఒకమ్మాయి రఫ్ పేపర్ ఇంకా నా కళ్లముందు ఉంది. వై = |2ఎక్స్ − 6| గీయాలి. ఆ నిలువు గీతలే మాడ్యులస్, అంటే లోపలి విలువకు మైనస్ ఉంటే తీసేయడం. 'వీ' ఆకారంలో ఉండే |ఎక్స్| గ్రాఫ్‌ను చక్కగా సగానికి నొక్కింది, తర్వాత 6 కుడికి జరిపింది. 'వీ' కొన 6 దగ్గర పడింది. స్కేలు పెట్టి గీసిన అందమైన బొమ్మ, జవాబు తప్పు. ముందు నొక్కితే జరపాల్సింది 3 మాత్రమే, ఎందుకంటే 2ఎక్స్ − 6 అంటే 2(ఎక్స్ − 3).

ఏది ముందు, ఏది తర్వాత అని తికమకపడకుండా నేను చెప్పే పద్ధతి ఒకటుంది. లోపల ఉన్నదంతా కలిపి పాత ఎక్స్ అనుకోండి. పాత 'వీ' కొన 0 దగ్గర ఉండేది. 2ఎక్స్ − 6 = 0 అయితే ఎక్స్ = 3. కొన అక్కడే. √(3 − ఎక్స్) అడిగినా ఇదే. 3 − ఎక్స్ = 0 కాబట్టి గ్రాఫ్ 3 దగ్గర మొదలవుతుంది. 3 − ఎక్స్ = 4 అయ్యేది ఎక్స్ = −1 దగ్గర, అక్కడ ఎత్తు 2. రెండు బిందువులు దొరికాయి, గ్రాఫ్ ఎడమకు సాగుతోందని తెలిసిపోయింది.

తర్వాత మాడ్యులస్. |ఎఫ్(ఎక్స్)|, ఎఫ్(|ఎక్స్|) రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. మొదటిదానిలో ఎక్స్ అక్షం కింద ఉన్న ముక్కను పైకి మడుస్తాం. రెండోదానిలో వై అక్షానికి ఎడమ వైపున్నది చెరిపేసి, కుడి సగాన్ని ఎడమ మీదకు అచ్చు వేస్తాం. సిరా పెన్నుతో కుడి సగం గీయించి, ఆరకముందే కాగితం మడవమంటాను. విప్పగానే ఎడమ వైపు అచ్చు పడి ఉంటుంది. ఒక్కసారి చేతులకు సిరా అంటితే ఇక మర్చిపోరు.

ఇప్పుడు |ఎక్స్² − 4|ఎక్స్| + 3| = 1కి ఎన్ని సాధనలో చూద్దాం. ముందు మాడ్యులస్‌లు తీసేసి ఎక్స్² − 4ఎక్స్ + 3 గీయండి. ఎక్స్ అక్షాన్ని 1, 3 దగ్గర కోస్తుంది, అట్టడుగు బిందువు (2, −1), వై అక్షం మీద 3. లోపలి మాడ్యులస్ కోసం కుడి సగాన్ని ఎడమకు అచ్చు వేయండి. రెండు గుంటలు వచ్చాయి. బయటి మాడ్యులస్ కోసం ఆ గుంటలను పైకి మడవండి. అవి 2, −2 దగ్గర సరిగ్గా 1 ఎత్తున్న గుట్టలవుతాయి. ఇక వై = 1 అని స్కేలు ఆనించండి. గుట్టల కొసలను రెండు చోట్ల తాకుతుంది, మిగతా గ్రాఫ్‌ను నాలుగు చోట్ల కోస్తుంది. మొత్తం 6. స్కేలును కాస్త దించి సగం దగ్గర పెడితే 8 వస్తాయి. 1కి పైన, 3కి లోపు 4 మాత్రమే.

లెక్క కట్టి కూడా చేయొచ్చు, కాదనను. కానీ ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. ఇలాంటి ప్రశ్నకు బొమ్మ గీసినవాళ్లకే టైము మిగలడం నేను చూశాను. గీసేటప్పుడు గ్రాఫ్ అందంగా రావక్కర్లేదు. కోసే చోట్లు, కొసలు, వై అక్షం మీది ఎత్తు, ఇవి మాత్రం అంకెలు వేసి గుర్తించండి. అంకెల్లేని బొమ్మను నేను దిద్దను, వెనక్కి ఇచ్చేస్తాను.

ఇవాళ రాత్రి |ఎక్స్² − 6|ఎక్స్| + 5| గీసి చూడండి. స్కేలు 4 దగ్గర పెడితే 6 రావాలి. 5 దగ్గర పెడితే 3 మాత్రమే. నాలుగు వచ్చాయంటే వై అక్షం మీది బిందువును రెండుసార్లు లెక్కేసినట్టే, మళ్లీ చూసుకోండి.