పాత వాల్వు రేడియోకు కొత్త కండెన్సర్లు: 3వ పాఠం, గ్రిడ్ ముందున్న కండెన్సర్

పోయిన పాఠంలో ఫిల్టర్ కండెన్సర్లు మార్చాం. హమ్ (గుయ్‌మనే మోత) తగ్గిందని సంబరపడి సెట్టును గంటసేపు వాయించకండి. అసలు గండం ఇంకా లోపలే ఉంది.

ఛాసిస్ (వాల్వులు బిగించిన లోహపు పళ్లెం) తిరగేసి, స్పీకరును నడిపే చివరి వాల్వు ఈఎల్84 సాకెట్ చూడండి. 2వ పిన్ను గ్రిడ్, అంటే పాట వాల్వులోకి వచ్చే చోటు. అక్కడి నుంచి ముందున్న ట్రయోడ్ (పాటను మొదట పెంచే వాల్వు) ప్లేటుకు, అంటే పాట బయటికొచ్చే పిన్నుకు పోయే, మైనమో తారో పూసిన కాగితపు గొట్టమే కప్లింగ్ కండెన్సర్. విలువ సాధారణంగా 0.01 లేదా 0.02 మైక్రోఫారడ్. పాటను పంపి, ప్లేటు డీసీని ఆపడం దాని పని. బెజవాడ ఎండకు అటక మీద మైనం కారిపోతుంది, వానాకాలంలో కాగితం తేమ తాగుతుంది. ఇక డీసీ కారడం మొదలు.

లెక్క చూద్దాం. ట్రయోడ్ ప్లేటు మీద 80 వోల్టులు, గ్రిడ్ నుంచి ఛాసిస్‌కు పోయే రెసిస్టర్ 470 కిలో ఓములు, కండెన్సర్ లీకేజీ 10 మెగా ఓములు అనుకోండి. గ్రిడ్ మీదకు 3.6 వోల్టులు వస్తాయి. 250 వోల్టుల మీద నడిచే ఈఎల్84 గ్రిడ్‌కు, కాథోడ్ (3వ పిన్ను)తో పోలిస్తే, కావలసింది మైనస్ 7.3. కాథోడ్ రెసిస్టర్ కొంత సర్దినా వాల్వు కరెంటు పెరుగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగుతుంది. పది రూపాయల ముక్క కోసం దొరకని ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

మల్టీమీటర్ ఓముల్లో పెట్టి "బాగానే ఉంది" అనుకోవద్దు. మీటరు బ్యాటరీ ఎక్కడ, 80 వోల్టులు ఎక్కడ? కెపాసిటెన్స్ మీటరు ఇంకా మోసం: కారే కండెన్సర్‌కు ఒక్కోసారి ఎక్కువ విలువే చూపిస్తుంది.

సరైన పరీక్ష ఇది. ప్లగ్ తీసి, 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్‌ను ఫిల్టర్ కండెన్సర్‌కు పది సెకన్లు తగిలించి, మిగిలిన వోల్టేజీ మీటరుతో చూసుకోండి. కండెన్సర్ గ్రిడ్ వైపు కాలు ఊడదీసి గాల్లో ఉంచండి. సెట్టు ఆన్ చేసి, ఆ కాలికీ ఛాసిస్‌కూ మధ్య డీసీ చూడండి. మొదట ముల్లు ఎగిరినట్టు అంకె లేచి పడుతుంది, అది మామూలే. అరగంట వేడెక్కాక కూడా వోల్టు దాటి నిలిస్తే చెత్తబుట్టే. పై లెక్కలోని కండెన్సర్ అయితే 10 మెగా ఓముల డిజిటల్ మీటరు మీద 40 వోల్టులు చూపిస్తుంది! యూఎల్84, యూవై85 వాల్వులతో, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా మెయిన్స్ మీద నడిచే సెట్టయితే ఛాసిస్‌కే కరెంటు ఉండొచ్చు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు.

మా మాట వింటే, కాగితపుదైతే పరీక్ష నేర్చుకోవడానికే, మార్చడం ఎలాగూ తప్పదు. షాపులో 103 (అంటే 0.01 మైక్రోఫారడ్), 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ అడగండి, 0.02 స్థానంలో 223 (0.022). సిరామిక్ బిళ్ల చేతిలో పెడితే వద్దనండి. పాతదాని గీత గుర్తు పట్టించుకోనక్కర్లేదు, ఫిల్మ్‌కు ఏ కాలు ఎటైనా సరే. సాకెట్ లగ్ దగ్గర పాత తీగ అర సెంటీమీటరు మిగిల్చి కత్తిరించి, దానికే కొక్కెం వేసి సోల్డర్ చేయండి. లగ్‌ను లాగితే పెళుసు బేకలైట్ పగులుతుంది. తీగలకు స్లీవ్ వేయండి. ఐఎఫ్ డబ్బాల్లోని (స్టేషన్లను విడదీసే కాయిల్స్ ఉండే లోహపు డబ్బాలు) మైకా కండెన్సర్లను ముట్టుకోవద్దు, ట్యూనింగ్ చెడుతుంది.

అభ్యాసం: 3వ పిన్ను, ఛాసిస్ మధ్య వోల్టేజీని కాథోడ్ రెసిస్టర్ విలువతో భాగించండి. 135 ఓముల మీద 7.3 వోల్టులంటే 54 మిల్లీ ఆంపియర్లు. 65 దాటితే వెంటనే ఆపేసి గ్రిడ్ వోల్టేజీ మళ్లీ చూడండి.