పిల్లలకు మాటను ముక్కలుగా వినడం ఎలా నేర్పాలి?

అక్షరాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్ల కూడా పుస్తకంలో 'సీతాకోకచిలుక' కనబడేసరికి మొదటి రెండక్షరాలు చదివి మిగతాది ఊహించి చెప్పేస్తుంది, రాయమంటే మధ్యలో ఒకటో రెండో ఎగిరిపోతాయి. అది బద్ధకం కాదు, మాటను ముక్కలుగా వినడం ఆ చెవికి ఇంకా అలవాటు కాలేదు. ఆ ముక్కనే సిలబుల్ అంటాం: ఒక్క అచ్చు శబ్దంతో, ఒక్క ఊపులో నోట్లోంచి వచ్చేది.

పలక, పెన్సిల్ పక్కన పెట్టి మొదలుపెట్టండి. విడి శబ్దాలు ('త'లో 'త్', 'అ' లాంటివి) అప్పుడే అడగొద్దు. 1974లో అమెరికాలో ఇసబెల్ లిబర్మన్, ఆమె సహచరులు చేసిన అధ్యయనంలో నాలుగేళ్ల పిల్లల్లో దాదాపు సగం మంది మాటను సిలబుల్స్‌గా విడదీశారు, విడి శబ్దాలుగా మాత్రం ఒక్కరూ విడదీయలేకపోయారు. అంటే ముక్క అనేది పిల్లలకు ముందే అందే మెట్టు.

ముందు చప్పట్లు. పిల్లల సొంత పేరుతోనే ఆడించండి, వాళ్లకు అంతకన్నా ఇష్టమైన మాట ఉండదు. తర్వాత చెట్టు (2), ఏనుగు (3), ఇలా పెంచుకుంటూ పోతే ఏడు చప్పట్ల సీతాకోకచిలుక దాకా వస్తారు. గడ్డం కింద చెయ్యి ఆనించి, ఎన్నిసార్లు కిందికి దిగిందో లెక్కపెట్టమనొచ్చు, కానీ 'ఇ', 'ఉ' ఉన్నచోట గడ్డం పెద్దగా కదలదు కాబట్టి దాన్ని చప్పట్లకు తోడుగానే వాడండి.

తర్వాత అతకడం. చాలామంది విడదీయడం నేర్పి అక్కడే ఆగిపోతారు, కానీ చదవడమంటే అతకడమే కదా! మీరు "వి... మా... నం" అని ఆగి ఆగి చెప్పండి, అదేంటో వాళ్లు కనిపెట్టాలి. వాళ్లకు వచ్చేశాక మీకు పొడుపు వేయమనండి, ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇప్పుడు మార్చడం. 'తలుపు'లో 'త' తీసేసి 'పి' పెడితే? పిలుపు. 'మ' పెడితే మలుపు, 'గె' పెడితే గెలుపు, 'న' పెడితే నలుపు, 'తె' పెడితే తెలుపు. అర్థం లేని మాట వచ్చినా నవ్వుకుని ముందుకెళ్లండి, తప్పని ఆపకండి. నాకు అన్నిటికన్నా నచ్చే ఆట ఇదే, ఎందుకంటే ఒక మాట చదవడం వస్తే ఇంకో ఐదు మాటలు దాని వెంటే వస్తాయని పిల్లలు తామే కనిపెడతారు.

ఆ తర్వాతే రాత. చప్పట్టుకో గులకరాయి పెట్టించి, ఒక్కో రాయి చోట ఒక్కో అక్షరం రాయించండి. తెలుగులో ఇది హాయిగా కుదురుతుంది, చాలావరకు ఒక చప్పట్టుకు గుణింతంతో, సున్నతో, ఒత్తుతో కలిపి ఒక అక్షరం. పొల్లు దగ్గర మాత్రం లెక్క మారుతుంది: 'బస్' చూడ్డానికి రెండు, చప్పట్లు ఒకటే. పొల్లు ముందు అక్షరంతోనే పలుకుతుందని చెబితే చాలు.

ఒత్తుల దగ్గరే అసలు పని. 'చెట్టు'ను 'చెటు' అని రాసే పిల్లలకు "ఒత్తు మర్చిపోయావు" అని వందసార్లు చెప్పినా లాభం ఉండదు, వాళ్లకు అది వినిపించాలి. 'చెట్...టు' అని మధ్యలో నాలుకను ఒక్క క్షణం ఆపి పలికించండి, తర్వాత 'చెటు' పలికించండి, తేడా వాళ్ల నోటికే తెలుస్తుంది. ఛందస్సులో ఒత్తక్షరానికి ముందున్న అక్షరాన్ని గురువుగా లెక్కపెట్టేది ఈ ఆగడం వల్లే. పలికేటప్పుడు 'పుస్-త-కం', రాసేటప్పుడు 'పు-స్త-కం', కానీ చప్పట్లు ఎలాగూ మూడే కాబట్టి ఎక్కడ విరగాలన్న వాదన వద్దు.

ఇంకొకటి, మనం గబగబా మాట్లాడేటప్పుడు మనిషి 'మన్షి' అవుతాడు, చిలుక 'చిల్క' అవుతుంది, పిల్లలు విన్నదే రాస్తారు. మీరే ముందు నిదానంగా మూడు చప్పట్లతో పలికి చూపించండి.

ఇంగ్లిష్ స్పెల్లింగ్‌కు కూడా ఇదే చెవి పనికొస్తుంది. 'టైగర్' రాయమంటే 'టి, జి, ఆర్' అని రాసి ఊరుకుంటారు కొందరు. చప్పట్లు రెండొచ్చాయి, మరి ముక్కకో అచ్చు ఏదీ అని అడగండి, వాళ్లే వెతుక్కుంటారు. అక్కడ అక్షరాలు లెక్కపెడితే మాత్రం మోసపోతాం: 'నేమ్' స్పెల్లింగ్‌లో 'ఏ', 'ఈ' రెండూ ఉన్నా చివరి 'ఈ' పలకదు, చప్పట్టు ఒకటే.

రోజుకు ఐదు నిమిషాలు చాలు, నడుస్తూ కూడా ఆడొచ్చు. ఒకవేళ ఐదారేళ్లు వచ్చి, వారాల తరబడి ఆడినా రెండు ముక్కల మాట కూడా విడదీయలేకపోతుంటే టెన్షన్ పడి గట్టిగా రుద్దకండి, ముందు వినికిడి పరీక్ష చేయించి, టీచర్‌తో మాట్లాడండి.