దాహమేస్తే కూసే పూలకుండీ తయారు చేసుకోవడం

అనంతపురం ఎండల్లో రెండు రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి వాకిట్లోని మల్లె మొక్క వాడిపోవడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. మట్టిలో తడి తగ్గగానే కీచుమని కూసి, నీళ్లు పోయగానే నోరు మూసుకొనే ఒక చిన్న పరికరాన్ని చేతులారా తయారు చేసుకొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులో కంప్యూటరు, ప్రోగ్రామింగు ఏవీ అవసరం లేదు. పరికరం కూసే గొంతు వెలుతురును బట్టి మారుతుంది: మిట్టమధ్యాహ్నం సన్నగా కీచుమంటుంది, సాయంత్రానికి స్వరం దిగుతుంది, చీకట్లో గుర్రుమంటుంది. దీనివల్ల ఉపయోగమేమిటని అడిగితే చెప్పడం కష్టమే గాని, ఇంట్లో పిల్లలకు నచ్చేది మాత్రం ఈ భాగమే.

దీనికి గుండెకాయ 555 అనే టైమర్ ఐసీ (చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు). హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించగా, సిగ్నెటిక్స్ సంస్థ 1972లో మార్కెట్లోకి తెచ్చిన ఈ ఎనిమిది కాళ్ల ఐసీ నేటికీ తయారవుతూనే ఉంది. దానితో పాటు బీసీ547 ట్రాన్సిస్టరు ఒకటి, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు మూడు, 33 కిలో ఓమ్‌లది ఒకటి, 100 ఓమ్‌లది ఒకటి, 100 కిలో ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి నిరోధాన్ని మార్చుకొనే రెసిస్టరు) ఒకటి, ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టరు) ఒకటి, 103 అని ముద్రించి ఉండే 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 10, 100 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు చెరొకటి, 8 ఓమ్‌ల చిన్న స్పీకరు, నాలుగు పెన్సిల్ సెల్లులు పట్టే పెట్టె, ఒక బ్రెడ్‌బోర్డు (సోల్డరింగు లేకుండా భాగాలను గుచ్చి కలిపే రంధ్రాల పలక), కొంచెం వైరు కావాలి. స్పీకరును కొనవలసిన పని లేదు. పాడైన ఆటబొమ్మలోనో, మూలన పడిన ఎఫ్ఎం రేడియోలోనో దొరుకుతుంది. మిగిలిన వాటిలో చాలా భాగం టీవీలు, మిక్సీలు బాగుచేసే దుకాణాల్లో అడిగితే లభిస్తాయి. ఎల్‌డీఆర్, బ్రెడ్‌బోర్డు దొరకకపోతే బెంగళూరు ఎస్.పి. రోడ్డుకో, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకో వెళ్లే వారితో చెప్పి తెప్పించుకోవచ్చు.

బ్రెడ్‌బోర్డు నడుమ ఉన్న గాడికి అటు నాలుగు, ఇటు నాలుగు కాళ్లు వచ్చేటట్లు ఐసీని గుచ్చాలి. గాడికి ఒక్కో పక్కన వరుసలోని ఐదు రంధ్రాలు లోపల కలిసి ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఐసీ మీద ఉండే చిన్న నొక్కును ఎడమ వైపు ఉంచితే, కింది వరుసలో ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4 పిన్నులు, పై వరుసలో కుడి నుంచి ఎడమకు 5, 6, 7, 8 పిన్నులు వస్తాయి. 8వ పిన్నును ప్లస్‌కు, 1వ పిన్నును మైనస్‌కు కలపాలి. 8కి, 7కి నడుమ ఒక 10 కిలో ఓమ్ రెసిస్టరును పెట్టాలి. 7 నుంచి 6కు 33 కిలో ఓమ్ రెసిస్టరు, ఎల్‌డీఆర్ ఒకదాని తరువాత ఒకటిగా రావాలి. 2ను, 6ను ఒక వైరుతో కలిపి, 2 నుంచి మైనస్‌కు ఒక 103 కెపాసిటరును, 5 నుంచి మైనస్‌కు రెండవ 103ను పెట్టాలి. 3వ పిన్నుకు 10 మైక్రోఫారడ్ కెపాసిటరు ప్లస్ కాలును తగిలించి, దాని మైనస్ కాలు నుంచి 100 ఓమ్ రెసిస్టరు మీదుగా స్పీకరుకు, స్పీకరు రెండవ కొస నుంచి మైనస్‌కు తీగ వేయాలి. 100 మైక్రోఫారడ్ కెపాసిటరు ప్లస్, మైనస్‌ల నడుమ ఐసీకి దగ్గరగా ఉండాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఒంటి మీద చారలా కనిపించే వైపు కాలు మైనస్. దానిని తిరగేసి పెట్టరాదు.

వెలుతురు బాగా ఉన్నప్పుడు ఎల్‌డీఆర్ నిరోధం కొన్ని వందల ఓమ్‌లకు పడిపోతుంది. అప్పుడు ధ్వని సుమారు 1,900 హెర్ట్‌జ్‌ల దగ్గర ఉంటుంది. గదిలోని మసక వెలుతురులో ఆ నిరోధం 50 కిలో ఓమ్‌ల ప్రాంతంలో ఉంటే ధ్వని 800కు దిగుతుంది. నడుమ 33 కిలో ఓమ్‌లు పెట్టకుండా ఎల్‌డీఆర్‌ను నేరుగా కలిపితే, మన ఎండకు ఆ కూత పెద్దవారి చెవికి అందనంత సన్నగా పోతుంది. అందుకే ఆ రెసిస్టరును తీసివేయరాదు.

ఇక తడిని కనిపెట్టే భాగం. ఇందులో మట్టిలో గుచ్చే రెండు లోహపు పుల్లలు ఉంటాయి, అవి ఎలా ఉండాలో తరువాత చెబుతాను. బీసీ547 చదును ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉన్నప్పుడు ఎడమ నుంచి కలెక్టరు, బేసు, ఎమిటరు. ఎమిటరును మైనస్‌కు, కలెక్టరును ఐసీ 4వ పిన్నుకు కలపాలి. 4వ పిన్ను నుంచి ప్లస్‌కు రెండవ 10 కిలో ఓమ్ రెసిస్టరు రావాలి. మూడవ 10 కిలో ఓమ్‌ను ప్లస్ నుంచి మొదటి పుల్లకు, రెండవ పుల్లను నేరుగా బేసుకు కలిపి, బేసు నుంచి మైనస్‌కు ప్రీసెట్‌ను పెట్టాలి. మట్టి తడిగా ఉంటే పుల్లల నడుమ కొద్దిపాటి కరెంటు నడిచి ట్రాన్సిస్టరును తెరుస్తుంది. అది 4వ పిన్నును మైనస్‌కు లాగుతుంది కాబట్టి ఐసీ మౌనంగా ఉంటుంది. మట్టి ఎండితే ఆ కరెంటు తగ్గి, ట్రాన్సిస్టరు మూసుకొని, కూత మొదలవుతుంది.

కుండీ దగ్గరకు వెళ్లకముందే దీనిని బల్ల మీద పరీక్షించాలి. పుల్లలకు పోయే తీగలను విడిగా ఉంచితే కూయాలి, ఒకదానికొకటి తాకిస్తే ఆగాలి. తాకించినా ఆగకపోతే ముందు ప్రీసెట్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూసి, ఆ తరువాత మల్టీమీటరుతో 4వ పిన్ను దగ్గర వోల్టేజీని చూడాలి. కూసేటప్పుడు అది సుమారు 6 వోల్టులు, మౌనంగా ఉన్నప్పుడు దాదాపు సున్నా ఉంటుంది. అలా మారడం లేదంటే తప్పు ట్రాన్సిస్టరు దగ్గర, మారుతున్నా శబ్దం రాకపోతే ఐసీ చుట్టూ ఉన్న తీగల్లో ఉందని అర్థం.

పుల్లల విషయంలో తొందరపడకూడదు. రాగి తీగను గుచ్చితే కొద్ది వారాలలోనే పచ్చటి చిలుము పడుతుంది, ఆ లవణాలు మొక్కకూ మంచివి కావు. ఇనుము తుప్పు పట్టి నిరోధాన్ని మార్చివేస్తుంది. సైకిలు దుకాణంలో దొరికే స్టెయిన్‌లెస్ స్టీలు స్పోకులు రెండు తీసుకొని, సుమారు పది సెంటీమీటర్ల లోతుకు, ఒకదానికొకటి ఐదు సెంటీమీటర్ల దూరంలో గుచ్చడం మేలు. స్పోకు పైభాగానికి ప్లాస్టిక్ తొడుగు వేసి, చివరి మూడు సెంటీమీటర్లు మాత్రమే బయట ఉంచితే, పైన ఎండిన మట్టిని కాక వేర్ల దగ్గరి తడిని చూస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు మామూలు లెడ్డు అతుక్కోదు. సోల్డరింగుతో కుస్తీ పట్టకుండా స్క్రూ కనెక్టరుతో బిగించాలి. కరెంటు ఎప్పుడూ ఒకే దిశలో నడుస్తుంది కాబట్టి ప్లస్ వైపు పుల్ల ముందుగా తినివేయబడుతుంది. నెలకొకసారి రెండింటినీ అటూ ఇటూ మార్చితే ఎక్కువ కాలం వస్తాయి.

అసలు పని ప్రీసెట్ దగ్గర ఉంది, దానికి ఏ పుస్తకమూ కొలత ఇవ్వలేదు. మీరు మామూలుగా ఎప్పుడు నీళ్లు పోస్తారో అంతవరకు మొక్కను ఆగనివ్వాలి. వేలు రెండు కణుపుల లోతుకు దింపినా తడి తగలని స్థితి అది. అప్పుడు పుల్లలు గుచ్చి, కూత సరిగ్గా మొదలయ్యే చోట ప్రీసెట్‌ను నిలిపి, నీళ్లు పోసి, అది ఆగుతుందో లేదో చూడాలి. ప్రీసెట్ నిరోధం తగ్గేకొద్దీ పరికరం తొందరగా, అంటే మట్టి ఇంకా కొంత తడిగా ఉండగానే కూస్తుంది.

అనంతపురం ఎర్రమట్టిలో ఇలా నిలిపిన స్థానం కర్నూలు వైపు నల్లరేగడిలో పనికిరాదు. నల్లరేగడి నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది, కాని ఎండేటప్పుడు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రె పుల్ల పక్కనే పడితే, లోపల తడి ఉన్నా పుల్లకు మట్టి తగలక పరికరం ఊరికే అరుస్తుంది. అటువంటి కుండీలో పుల్లల చుట్టూ గుప్పెడు ఇసుక, ఎరువు కలిపిన మట్టిని నింపాలి. దీనికి ఎదురైన చిక్కు బోరు నీళ్లతో వస్తుంది. ఉప్పదనం ఉన్న నీళ్లు పోసే ఇళ్లలో కుండీ అంచున తెల్లటి పొర కట్టడం చూసే ఉంటారు. ఆ లవణాలు మట్టిలో కరెంటును సులువుగా నడుపుతాయి కాబట్టి, మొక్క వాడుతున్నా పరికరం తడి ఉందనుకొని మౌనంగా ఉంటుంది. కొన్ని నెలలకొకసారి ప్రీసెట్‌ను మళ్లీ సరిచేసుకోవలసి రావడం పరికరం లోపం కాదు.

ఇది బాగా కుదిరాక బ్రెడ్‌బోర్డు నుంచి వీరోబోర్డు (రంధ్రాలు, రాగి పట్టీలు ఉండే పలక) మీదికి మార్చి, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో అతికించుకోవచ్చు. ఐసీని నేరుగా కాక సాకెట్‌లో పెట్టాలి. పరికరాన్ని ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను కుండీ నీడన ఉంచి, ఎల్‌డీఆర్ తల మాత్రమే బయటికి చూసేటట్లు అమర్చాలి. ఏప్రిల్, మే నెలల ఎండలో సెల్లులు కారిపోతాయి. 555 మౌనంగా ఉన్నా కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది కనుక మంచి ఆల్కలైన్ సెల్లులైనా సుమారు మూడు వారాలే వస్తాయి. అందుకని పాత మొబైల్ చార్జరుకు కలపాలనే ఆలోచన రావచ్చు. దయచేసి ఆ పని చేయవద్దు. నాసిరకం చార్జరులో ఇన్సులేషన్ దెబ్బతింటే, తడి మట్టిలోని ఆ స్పోకుల మీదికి ఇంటి కరెంటు వచ్చే ప్రమాదం ఉంది.

ఇవే భాగాలతో కుళాయి నీళ్లు వచ్చాయని చెప్పే పరికరమూ చేసుకోవచ్చు. ఎల్‌డీఆర్ స్థానంలో ఇంకొక 33 కిలో ఓమ్ రెసిస్టరును పెట్టి, 4వ పిన్నును 10 కిలో ఓమ్ లేకుండా నేరుగా 8కి కలపాలి. ఐసీ, కెపాసిటర్లు, స్పీకరు మైనస్‌కు వెళ్లే తీగలన్నింటినీ కలెక్టరుకు మార్చి, ఎమిటరును, ప్రీసెట్‌ను మాత్రం సెల్లుల మైనస్‌కే ఉంచాలి. పుల్లలు ఎండుగా ఉన్నంతసేపు సెల్లులు దాదాపు ఖర్చు కావు. పుల్లలను ఖాళీ బకెట్టు అడుగున ఆనించి, బకెట్టును కుళాయి కింద పెట్టి, కుళాయి తిప్పి ఉంచితే, తెల్లవారుజామున ఎప్పుడు నీళ్లు వదిలినా వేయి హెర్ట్‌జ్‌ల కూత వీధి మొదటి ఇంటి వరకు కాకపోయినా పడకగది వరకు వినిపిస్తుంది.