గ్రేడిల్ 9కి మారడం ఎలా?

జావా కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే (బిల్డ్ చేసే) సాధనం గ్రేడిల్. విశాఖలోని మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో పాత జావా ప్రాజెక్టును ఒక్క దూకులో గ్రేడిల్ 9కి మార్చేసి, బిల్డ్ ఆగిపోగానే మళ్లీ పాత వెర్షన్‌కే వెళ్లిపోవడం తరచూ చూస్తున్నాను. వరుస తప్పడం వల్లే ఈ తిప్పలు.

ముందు జావా 17 గానీ ఆపై వెర్షన్ గానీ ఉండాలి. అది లేనిదే 2025 జులైలో వచ్చిన 9.0 నడవదు. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో ఇప్పటి కోడ్‌ను కమిట్ చేసుకోండి.

తర్వాత 8.14కి వెళ్లి, హెచ్చరికలన్నీ చూపించే ఆప్షన్‌తో బిల్డ్ నడపండి. ప్రతి హెచ్చరికనూ సరిచేసి, ప్లగిన్లను (గ్రేడిల్‌కు అదనపు సదుపాయాలిచ్చేవి) కొత్తవి చేశాకే 9కి కదలాలి. ప్రాజెక్టు ఇంకా 7లోనే ఉంటే ఇదే పని ముందు 7.6లో చేయాలి.

ఏ గ్రేడిల్ వెర్షన్ వాడాలో ప్రాజెక్టులోనే రాసిపెట్టి, దాన్నే దింపి నడిపేది రాపర్. వెర్షన్ మార్చే రాపర్ ఆదేశాన్ని రెండుసార్లు ఇవ్వండి. మొదటిసారి వెర్షన్ నంబరే మారుతుంది. రాపర్ జార్ (జావా ప్రోగ్రామ్‌ను మూటగట్టిన ఫైలు), స్క్రిప్టులు కొత్తవయ్యేది రెండోసారే. మెషీన్‌లో విడిగా గ్రేడిల్ పెట్టుకుని బిల్డ్ చేసే అలవాటు మానండి. రాపర్ ఫైళ్లు గిట్‌లో ఉంటే నిన్న చేరిన ట్రైనీకి కూడా టీమ్ అంతా వాడే వెర్షనే దిగుతుంది.

అసలు చిక్కు కాన్ఫిగరేషన్ క్యాష్‌తోనే. 8.1లో స్థిరపడిన ఈ సదుపాయాన్నే 9.0 మేలైన పద్ధతిగా ముందుకు తెచ్చింది. బిల్డ్ స్క్రిప్టులు చదివి ఏ టాస్కులు (బిల్డ్‌లోని ఒక్కో పని) నడపాలో తేల్చిన ఫలితాన్ని దాచిపెట్టి, మరుసటిసారి ఆ దశను దాటేస్తుంది. పెద్ద ప్రాజెక్టులో ఎంత సమయం మిగులుతుందో వాడితేనే తెలుస్తుంది. దీన్ని ఆన్ చేయకుండా 9కి మారి ప్రయోజనం లేదు.

అయితే మొదట క్యాష్ సమస్యలను వార్న్‌గా, అంటే బిల్డ్ ఆపకుండా హెచ్చరిక మాత్రమే ఇచ్చేలా పెట్టి నడపండి. సమస్యల చిట్టా ఒక హెచ్‌టీఎంఎల్ రిపోర్టులో వస్తుంది. ఎక్కువసార్లు కనిపించేది ఇది: టాస్కు చివర్లో నడిచే డూలాస్ట్ బ్లాకు లోపల ప్రాజెక్ట్.వెర్షన్ అని రాసి ఉంటుంది. టాస్కు నడిచే వేళ ప్రాజెక్టును తాకకూడదు. వెర్షన్‌ను డూలాస్ట్‌కు బయట, టాస్కు బ్లాకులోనే ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, లోపల దాన్నే వాడండి.

రిపోర్టులో కనిపించనిది మరొకటి ఉంది, అది ఇంకా ప్రమాదం. స్క్రిప్టు పైభాగంలో బిల్డ్ సమయాన్ని లెక్కగడితే అది క్యాష్‌లో గడ్డకట్టిపోతుంది. ఈరోజు చేసిన జార్ మీద నిన్నటి సమయం పడుతుంది, ఏ ఎర్రరూ రాదు. సమయాన్ని టాస్కు నడిచే వేళే, జార్ తయారయ్యే ముందు తీసుకోండి.

సమస్యలు తీరాక వార్న్ తప్పకుండా తీసేయాలి. అది ఉన్నంతకాలం తప్పులు దాటిపోతూనే ఉంటాయి. ఆపై అదే బిల్డ్‌ను వరుసగా రెండుసార్లు నడపండి. రెండోసారి క్యాష్‌నే తిరిగి వాడినట్లు టెర్మినల్‌లో కనిపిస్తేనే కమిట్ చేయండి.