మొదటి వీడియో తీసే ముందు: స్క్రీన్ చూస్తూ చెయ్యి కదపొద్దు, కాలు కదపొద్దు

పోయిన వారం మా పక్క వీధిలో ఒకమ్మాయి మిరపకాయ బజ్జీల వీడియో తీస్తూ చెయ్యి కాల్చుకుంది. ఉగ్గాని, బజ్జీ మన అనంతపురంలో చేయని ఇల్లు ఉండదు, తను కూడా చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే. కానీ ఆ రోజు ఎడమ చేతిలో ఫోను, కుడి చేతిలో పిండిలో ముంచిన మిరపకాయ, కళ్లేమో స్క్రీన్ మీద. నూనెలోకి అంచు నుంచి మెల్లగా జార్చాల్సిన దాన్ని, బాణలి దగ్గర్లోనే ఉందనుకుని పైనుంచే వదిలేసింది. నూనె చింది మణికట్టు దాకా బొబ్బలెక్కాయి. పాపం, అది ఆ పిల్ల మొదటి వీడియో.

ఇప్పుడు సెలవులు, పైగా తొలకరి. మొదటి వీడియో తీద్దామని కొందరు వంటింట్లో, కొందరు గండికోట దగ్గర, కొందరు జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికే వాళ్ల మధ్య ఫోను పట్టుకుని తిరుగుతుంటారు. ఏ ఫోను కొనాలి, ఏ యాప్‌లో ఎడిట్ చేయాలి అనేవి నేను చెప్పను, అవి అందరికీ తెలుసు. నేను చెప్పేది ఒక్కటే, ఎందుకంటే నేను చూసినంతలో దెబ్బలు తగిలినవన్నీ దీనివల్లే: స్క్రీన్ చూస్తూ చెయ్యి కదపొద్దు. స్క్రీన్ చూస్తూ కాలు కదపొద్దు.

స్క్రీన్‌లో దూరం తెలియదు. ఎక్కువ చోటు పట్టే 0.5 లెన్స్ పెడితే దగ్గరున్నది కూడా దూరంగా కనబడుతుంది. సెల్ఫీ కెమెరాలో కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయి, పైగా మీ వెనకున్న గుంతను మీ ముఖమే కప్పేస్తుంది. అసలు స్క్రీన్ ఎందుకంతగా చూస్తారు? ఏం తీయాలో ముందు అనుకోలేదు కాబట్టి. ‘అక్కడికి పోయాక చూద్దాంలే’ అని బయలుదేరిన మనిషి అక్కడ స్క్రీన్‌లోనే వెతుక్కుంటాడు, వెతుక్కుంటూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తాడు.

వంటింట్లో

ముందు కాగితం మీద రాయండి. కారం దోశ వీడియో అనుకోండి: ఎర్రకారం నూరడం, పెనం మీద పిండి తిప్పడం, కారం పూయడం, పప్పులపొడి చల్లడం, మడిచి పళ్లెంలో పెట్టడం, మొదటి ముక్క తుంచడం. ఆరు షాట్లు, అంతే. ఒక్కో షాట్‌కు ఫోను ఎక్కడ నిలబెట్టాలో కూడా పక్కనే రాయండి. తర్వాత ఒకటే పద్ధతి: ఫోను నిలబెట్టు, బటన్ నొక్కు, ఫోనును మర్చిపోయి పని చెయ్యి, ఆపు, అప్పుడు చూడు. బాగా రాకపోతే ఇంకో దోశ పోయండి, ఇంట్లో తినేవాళ్లు ఉంటారు.

ఇలా చేస్తే వీడియో కూడా బాగుపడుతుంది, ఇది నిజం. కొత్తవాళ్ల వీడియో చూడలేకపోవడానికి పెద్ద కారణం కెమెరా ఊగుతూ అటూ ఇటూ తిరుగుతుండటమే. నిలబెట్టిన ఫోనులో దోశ అంచు ఎర్రబడటం, కారం మీద నూనె మెరవడం తాపీగా కనబడతాయి.

ఫోనును స్టవ్‌కు పైన వేలాడదీయొద్దు. క్లాంప్ జారితే నేరుగా నూనెలో పడుతుంది, పడకపోయినా ఆవిరికి లెన్స్ మసకబారుతుంది. పక్కన, చెయ్యి చాపినంత దూరంలో పెట్టండి. స్టాండు లేకపోతే బరువైన పప్పు డబ్బాకు ఆనించండి. స్టవ్ వెలిగించకుండా ఒకసారి ఉత్తుత్తిగా మొత్తం చేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మాట వినబడక ఫ్యాను, పక్కింటి టీవీ వినబడుతుంటే అప్పుడే తెలిసిపోతుంది. కిటికీ మీ ముందుండాలి, వెనక కాదు. ఎల్‌ఈడీ లైటు కింద చారలు కదులుతుంటే కెమెరా సెట్టింగ్‌లో యాంటీ ఫ్లికర్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చండి, మన కరెంటు 50 హెర్ట్జ్‌ది.

బయట

గండికోట దగ్గర పెన్నా లోయ దాదాపు 300 అడుగుల లోతు. అంచున చాలా చోట్ల కంచె లేదు, రాళ్లు వాన తడికి జారతాయి. అక్కడ స్క్రీన్ చూస్తూ కాలు కదపొద్దు. ఎక్కడ నిలబడాలో ముందు ఫోను జేబులో పెట్టుకుని నడిచి చూడండి, అంచుకు బాగా ఇవతల ఒక రాయి పెట్టుకోండి, ఆ రాయి దాటొద్దు. ఇంకో మనిషిని తప్పకుండా తీసుకుపోండి. ఆ మనిషి ఫోను పట్టుకోడు, ఫొటోలు తీయడు, మీ కాళ్లను చూడటమే ఆయన పని. ‘అన్నా, ఆగు’ అంటే ఆగిపోవాలి, ‘ఒక్క సెకను’ అనొద్దు.

గాలి సంగతి వేరే చెప్పాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మన వైపు గాలి ఎట్లుంటుందో రామగిరి కొండల మీద గాలిమరలను చూస్తే తెలుస్తుంది. ఫోను మైకులో అదంతా బరబరమని పడి మాట ఒక్కటీ మిగలదు. ఇంకో ఫోనులో రికార్డర్ ఆన్ చేసి చొక్కా జేబులో పెట్టుకోండి, మొదట ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో ఆ శబ్దం దగ్గర బొమ్మను, మాటను కలుపుకోవచ్చు. లేదా ఊరికే దృశ్యం తీసుకుని మాట ఇంటికొచ్చి చెప్పండి.

ఎండ కూడా అంతే. ఐఫోన్ వాడటానికి ఆపిల్ చెప్పే హద్దు 35 డిగ్రీలు, మన కర్నూలు, కడప ఎండలు 40 దాటుతాయి. వేడెక్కితే కెమెరా దానంతటదే ఆగిపోతుంది. నీడలో పెట్టి చల్లారనివ్వండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది.

జొన్నగిరి, వజ్రకరూరు చేలకు పోయేవాళ్లు ముందు రైతును అడగండి, విత్తనం వేసిన చేను తొక్కొద్దు. ఉరుము వినబడిందా, షూటింగ్ ఆపేయండి. చెట్టు కిందికి పరుగెత్తొద్దు, పక్కా ఇంట్లోకో కారులోకో పోండి. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది, బయలుదేరే ముందే వేసుకోండి.

ఇక మిగతావి, వరసగా చెప్తున్నా:

వంక పారుతుంటే దిగొద్దు, మోకాలి లోతైనా సరే.

కేసీ కాలువ, హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) గట్ల మీద వెనక్కి నడుస్తూ తీయొద్దు. తుంగభద్ర నీళ్లు వదిలారంటే ఒడ్డుకే పోవద్దు.

బండి నడుపుతూ తీయొద్దు. వెనక కూర్చున్నవాళ్లు కూడా తీయొద్దు.

రైలు పట్టాలు, క్వారీ గుంతలు, పాడుబడిన బావులు: వద్దు.

ఓర్వకల్లు రాక్ గార్డెన్ దగ్గర డ్రోన్ ఎగరేయాలనుకుంటే, పక్కనే విమానాశ్రయం ఉంది. అనుమతి లేకుండా ఎగరేయొద్దు, 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్ అయినా సరే.

లేపాక్షి లాంటి చోట స్టాండు పెట్టే ముందు అక్కడి సిబ్బందిని అడగండి.

చెయ్యి కాలితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు. బొబ్బలెక్కితే డాక్టరుకు చూపించండి.

నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. గ్యాస్ కట్టేసి మూత పెట్టండి. ఫోను సంగతి తర్వాత.

నూనె పని చేసేటప్పుడు చంటిపిల్లలు ఫ్రేములో ఉండకూడదు, వంటింట్లోనే ఉండకూడదు.

ఫ్లైట్ మోడ్ పెట్టండి. షాట్ మధ్యలో ఫోన్ మోగితే చెయ్యి అటే పోతుంది, అప్పుడే కాలేది.

ఇంటి నంబరు, బండి నంబరు, పిల్లల స్కూలు డ్రెస్సు, బల్ల మీది ఆధార్ కాగితం ఫ్రేములో పడుతున్నాయేమో చూడండి. పిల్లల స్నానం వీడియోలు ఎంత ముద్దొచ్చినా పెట్టొద్దు.

సినిమా పాట వేయొద్దు, కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది.

మొదటి పది సెకన్లలో దోశ చూపించండి, నమస్కారాలు తర్వాత.

ముందు అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనబడేలా) పెట్టి ఇద్దరికి లింకు పంపండి. ‘బాగుందా’ అని అడగొద్దు, ‘ఎక్కడ విసుగొచ్చింది’ అని అడగండి. పబ్లిక్ చేశాక యూట్యూబ్ స్టూడియోలో జనం ఎక్కడ వదిలేసి పోయారో గీత కనబడుతుంది, వచ్చే వీడియోలో ఆ ఒక్కటే దిద్దండి.

వ్యూస్ రాలేదని రెండో వీడియోకు అంచు దగ్గరికి జరగొద్దు. స్క్రీన్ చూస్తూ కాలు కదపొద్దు. స్క్రీన్ చూస్తూ చెయ్యి కదపొద్దు.

రేపు తీయబోతున్నవాళ్లు ఈ రాత్రే కాగితం రాసుకోండి, కాళ్లు చూసే మనిషి ఎవరో కూడా అందులో రాయండి. ఆ మనిషి రాలేనంటే ఎల్లుండికి మార్చుకోండి.